వీబీ6 కాటా సాఫ్ట్‌వేర్‌ని దేంట్లోకి మార్చాలి? విండోస్, లినక్స్ రెండూ కావాలి, ఫోన్ కూడా అడుగుతున్నారు

ఆటోనగర్_కాటా
గాజువాక, పరవాడ వైపు లారీ కాటాల సాఫ్ట్‌వేర్ చూసుకునేది నేనే. మొత్తం వీబీ6, అంటే మైక్రోసాఫ్ట్ పాత విజువల్ బేసిక్ 6. ముందు చేసినాయన రాసి వేరే ఊరు వెళ్లిపోయారు, దాని మంచీ చెడూ ఇప్పుడు నా మీదే. పని చూస్తే పెద్దదేం కాదు. లారీ కాటా ఎక్కుతుంది, బరువు చూపే ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్‌లో బరువు వస్తుంది, ఆపరేటర్ బండి నంబరు, పార్టీ, సరుకు కొట్టి సేవ్ చేస్తాడు. రెండోసారి తూచాక గ్రాస్ (నిండు బండి), టేర్ (ఖాళీ బండి), నెట్ (సరుకు) బరువులు వేసి డాట్ మ్యాట్రిక్స్‌లో మూడు కాపీల చీటీ ఇస్తాడు. డేటా అంతా మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్ ఫైల్‌లో, అంటే ఎండీబీలో.

ఇన్నాళ్లూ లాక్కొచ్చాను, ఇప్పుడు అన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయి. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది. కాటా గదుల్లో పీసీలు పాతవి, విండోస్ 11 ఎక్కదు. కొత్తవి కొనం, లినక్స్ వేసి ఇవ్వమని ఇద్దరు ఓనర్లు పట్టుబట్టారు. ఇంకొకాయనకి ఏ లారీ ఎంత తూగిందో ఇంట్లో కూర్చుని ఫోన్‌లో చూడాలి. మరొకరికి పార్టీ పేర్లు తెలుగులో కావాలి. వీబీ6 బాక్సులో తెలుగు పేస్ట్ చేస్తే వరసగా ప్రశ్నార్థకాలే వస్తాయి.

కోడ్ రాసేది, ఫోన్ ఎత్తేది, బండేసుకుని కాటా దగ్గరకి పరిగెత్తేది అన్నీ నేనొక్కడినే. అందుకని ఒకే కోడ్ అన్నిచోట్లా నడవాలి. ప్రోగ్రామ్ రాసే పనిముట్లు చూస్తే లాజరస్, డాట్‌నెట్, ఫ్లట్టర్, జోజో, క్యూటీ... చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. ఇలాంటి మార్పు నిజంగా చేసినవాళ్లు చెప్పండి.

మధురవాడ_మొబైల్
ఫ్లట్టర్. ఇంకో మాట లేదు. ఆండ్రాయిడ్, విండోస్, లినక్స్ అన్నీ ఒకే కోడ్. 2022లోనే డెస్క్‌టాప్ కూడా స్టేబుల్ అయింది, ఫిబ్రవరిలో విండోస్, మేలో మ్యాక్, లినక్స్. తెలుగు అక్షరాలు ఒత్తులతో సహా చక్కగా వస్తాయి.

పాత_కీబోర్డ్
అసలు ఎందుకు మార్చాలి? వీబీ6 ఎడిటర్‌కి సపోర్ట్ 2008 ఏప్రిల్‌లో ఆగింది, నిజమే. కానీ వీబీ6లో తయారైన ప్రోగ్రామ్ నడవడానికి కావలసిన రన్‌టైమ్ విండోస్ 11లో కూడా ఉంది. ఆ విండోస్ బతికున్నంత కాలం దాన్ని నడిపిస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఆ ఓనర్లతో కూర్చుని మాట్లాడి కాటాకో పీసీ కొనిపించు, పని అయిపోతుంది. నడుస్తున్న ప్రోగ్రామ్‌ని తిరగరాయడం అంత ఖర్చు ఇంకోటి లేదు.

ఆటోనగర్_కాటా
@పాత_కీబోర్డ్ మాస్టారూ, పీసీ కొనిపించినా తెలుగు రాదు, ఫోన్ రాదు. పైగా ఆ ఎడిటర్‌ని కొత్త మెషీన్‌లో ఇన్‌స్టాల్ చేయడమే పెద్ద తతంగం. ఓసీఎక్స్‌లు (ఫారాల్లో వాడే విడి కంట్రోల్ ఫైళ్లు) ఒక్కొక్కటీ రిజిస్టర్ చేసుకోవాలి. రేపు నా ల్యాప్‌టాప్ పోతే మళ్లీ అదంతా కూర్చుకోగలనో లేదో అని భయం.

లాసన్స్‌బే_లినక్స్
లినక్స్ అడిగినవాళ్లకి వైన్‌లో (విండోస్ ప్రోగ్రామ్‌లని లినక్స్‌లో నడిపేది) పాత ఈఎక్స్ఈనే నడిపి చూశావా? వీబీ6 ప్రోగ్రామ్‌లు చాలావరకు వైన్‌లో తెరుచుకుంటాయి. కామ్ పోర్ట్‌ని, అంటే విండోస్ సీరియల్ పోర్ట్‌ని, లినక్స్ పోర్ట్‌కి కట్టుకోవచ్చు.

ఆటోనగర్_కాటా
చూశాను అన్నా. ఫారాలు వస్తున్నాయి, బరువు కూడా వస్తోంది. చీటీ ప్రింట్ దగ్గర, రిపోర్టులు తీసే క్రిస్టల్ రిపోర్ట్ దగ్గర ఇబ్బంది. కొన్నాళ్లు గడపడానికైతే సరిపోతుందేమో.

షార్ప్_సీతమ్మధార
నేను సీ షార్ప్ (మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌లో వాడే భాష) మనిషిని, కాబట్టి నా సలహా ఏ వైపు ఉంటుందో తెలిసిపోతుంది. అయినా చెప్తాను. వీబీ నుంచి వచ్చేవాళ్లు ముందు వీబీ డాట్‌నెట్ వైపు చూస్తారు, అటు పోవద్దు. ఆ భాషకి కొత్త హంగులు చేర్చబోమని మైక్రోసాఫ్ట్ 2020 మార్చిలోనే చెప్పేసింది. పాత వీబీ6 ప్రాజెక్టుని మార్చిపెట్టే విజర్డ్ కూడా విజువల్ స్టూడియో 2008తో ఆగింది. మావీ అనే డాట్‌నెట్ పనిముట్టు పేరు వింటావు, దానికి మైక్రోసాఫ్ట్ వైపు నుంచి లినక్స్ లేదు, నీ అవసరానికి అక్కడే తప్పిపోయింది. మిగిలింది అవలోనియా, స్క్రీన్లు తయారుచేసే పనిముట్టు. ఓపెన్ సోర్స్, సీ షార్ప్‌లో రాస్తావు, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఒకేలా కనిపిస్తుంది. సీరియల్ పోర్ట్ లైబ్రరీ డాట్‌నెట్‌లోనే ఉంది, లినక్స్‌లోనూ పనిచేస్తుంది.

అన్నిటికంటే పెద్ద కారణం మనుషులు. రేపు నువ్వు ఒక కుర్రాణ్ణి పెట్టుకోవాలంటే సీ షార్ప్ వచ్చినవాళ్లు వైజాగ్‌లో దొరుకుతారు.

పాస్కల్_మాస్టారు
నా ఓటు లాజరస్‌కి. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు బాబూ.

వీబీ6లో నీకు అలవాటైన పద్ధతి ఏమిటి? ఫారం మీద బటన్ పెట్టి, రెండుసార్లు నొక్కి, లోపల కోడ్ రాస్తావు. ఆ పద్ధతి అచ్చంగా ఉన్నది లాజరస్‌లో. 1995లో బోర్లాండ్ డెల్ఫీని తెచ్చింది వీబీకి పోటీగానే. లాజరస్ ఆ డెల్ఫీ దారిలోనే నడిచిన ఉచిత పనిముట్టు, కింద ఉండే కంపైలర్ ఫ్రీ పాస్కల్. అవలోనియాలో స్క్రీన్‌ని ట్యాగులతో రాసి పక్కన ప్రివ్యూ చూసుకోవాలి. అది చెడ్డదని నేననను. కానీ ఇన్నేళ్లు ఫారం డిజైనర్‌తో బతికినవాడికి చెయ్యి తిరగడానికి టైమ్ పడుతుంది.

రెండోది, తయారయ్యేది ఒక్క ఈఎక్స్ఈ. రన్‌టైమ్ అక్కర్లేదు, డాట్‌నెట్ వెర్షన్ గొడవ లేదు. పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి కాపీ చేస్తే నడుస్తుంది. మొదటిసారి కంపైల్ చేస్తే సైజు చూసి బెదిరిపోతావు, అది డీబగ్ సమాచారం. తీసేస్తే కొద్ది ఎంబీలకి దిగుతుంది.

మూడోది డబ్బు లెక్క. వీబీ6లో కరెన్సీ టైప్ వాడి ఉంటావు, నాలుగు దశాంశ స్థానాలు, లోపల 64 బిట్ పూర్ణాంకం. ఫ్రీ పాస్కల్‌లో కరెన్సీ టైప్ సరిగ్గా అదే. రౌండింగ్ కూడా అంతే. వీబీ6లో రౌండ్‌కి 2.5 ఇస్తే 2 వస్తుంది, 3.5 ఇస్తే 4 వస్తుంది, దగ్గరి సరి సంఖ్యకి పోతుంది. పాస్కల్‌లోనూ అంతే. ఫ్లట్టర్ వాడే డార్ట్‌లో 2.5కి 3 వస్తుంది. పాత చీటీకీ కొత్త చీటీకీ రూపాయి తేడా వస్తే పార్టీ నీ కాటానే అనుమానిస్తాడు, సాఫ్ట్‌వేర్‌ని కాదు.

మధురవాడ_మొబైల్
మాస్టారూ, రౌండింగ్ ఫంక్షన్ మనమే నాలుగు లైన్లలో రాసుకోవచ్చు. దాని కోసం 2026లో పాస్కల్‌కి వెళ్లమంటారా?

పాస్కల్_మాస్టారు
రాసుకోవచ్చు. రాసుకోవాలని ముందు తెలియాలి కదా. అందుకే చెప్పాను.

షార్ప్_సీతమ్మధార
ఆ లెక్కన సీ షార్ప్‌లో కూడా మామూలుగా రౌండ్ చేస్తే సరి సంఖ్యకే పోతుంది మాస్టారూ, ఆ మార్కు నాకూ వేయాలి. ఇంకో మాట, వీబీ6లోనే ఫార్మాట్ ఫంక్షన్ 2.5ని 3 చేస్తుంది. కాబట్టి @ఆటోనగర్_కాటా నీ పాత కోడ్‌లో చీటీ మీద అంకె రౌండ్‌తో వచ్చిందా, ఫార్మాట్‌తో వచ్చిందా చూసుకో. రెండూ కలిసి ఉంటే నువ్వు ఏ భాషకి పోయినా తేడా వస్తుంది.

ఆటోనగర్_కాటా
అక్కా, ఇప్పుడే వెతికాను. రెండూ ఉన్నాయి. తుక్కు వ్యాపారుల చీటీలో ఫార్మాట్, మిగతా వాటిలో రౌండ్.

హార్బర్_లెక్కలు
మా కథ చెప్తా. ఫిషింగ్ హార్బర్ దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లకి కూలీ లెక్కల ప్రోగ్రామ్ మాది, అదీ వీబీ6లోదే. ఎలక్ట్రాన్‌లోకి మార్చాం. స్క్రీన్లు అందంగా వచ్చాయి, వెబ్ తెలిసిన పిల్లలు తొందరగా రాశారు. కానీ ఎలక్ట్రాన్ అంటే ప్రతి ప్రోగ్రామ్‌తో పాటు ఒక పూర్తి క్రోమియం బ్రౌజర్‌ని మోసుకెళ్లడం. యూనిట్లలో ఉన్నవి 4 జీబీ పీసీలు, పక్కన ఇంకో బ్రౌజర్ తెరిస్తే చాలు, నత్తనడక. చివరికి అన్నిటికీ ర్యామ్ వేయించాం. నీ కాటా గదుల్లో ర్యామ్ ఎంత?

ఆటోనగర్_కాటా
చాలా వాటిలో 4. రెండు చోట్ల 2.

హార్బర్_లెక్కలు
అయితే ఎలక్ట్రాన్ మాట ఎత్తకు.

మధురవాడ_మొబైల్
టారీ చూడొచ్చు. అది సొంత బ్రౌజర్ మోయదు, సిస్టమ్‌లో ఉన్నదాన్నే వాడుకుంటుంది. కాకపోతే వెనక భాగం రస్ట్‌లో రాయాలి.

పాత_కీబోర్డ్
ఒక్కడే కూర్చుని వీబీ6 వదిలించుకునే మనిషి చేతికి రస్ట్ ఇవ్వడం న్యాయం కాదు నాయనా.

కంచరపాలెం_కేబుల్
నేను కోడ్ మనిషిని కాదు, ఇండికేటర్లు బిగించేవాణ్ణి. మీరంతా స్క్రీన్ గురించి మాట్లాడుతున్నారు. కాటాలో సగం కంప్లైంట్లు కేబుల్ దగ్గరే వస్తాయి. కొత్త పీసీలకి తొమ్మిది పిన్నుల పోర్ట్ లేదు, యూఎస్‌బీ కన్వర్టర్ పెడతాం. దాన్ని ఆపరేటర్ పీకి ఇంకో రంధ్రంలో పెడితే చాలా చిప్‌లకి కామ్ నంబర్ మారిపోతుంది. పాత ప్రోగ్రామ్‌లో కామ్ 3 అని కోడ్‌లోనే రాసేశారు, అందుకే అర్ధరాత్రి ఫోన్లు. కొత్తది ఏ భాషలో రాసినా పోర్ట్‌ని సెట్టింగ్స్‌లో పెట్టు, వీలైతే ప్రోగ్రామే వెతుక్కునేలా చెయ్.

పరవాడ వైపు ఉప్పు గాలికి పిన్నులు తుప్పు పడతాయి. మధ్యమధ్య చెత్త అక్షరాలు వస్తాయి. వచ్చిన స్ట్రింగ్‌ని మొదలు, చివర చూడకుండా అంకెగా మార్చేస్తే 4 టన్నుల బండి 40 టన్నులు అవుతుంది.

లాసన్స్‌బే_లినక్స్
@కంచరపాలెం_కేబుల్ చెప్పిందానికి లినక్స్‌లో మంచి మందుంది. డెవ్ కింద సీరియల్ ఫోల్డర్‌లో బై-పాత్ అని పేర్లు ఉంటాయి, ఏ రంధ్రంలో గుచ్చారో దాన్నిబట్టి. బై-ఐడీ పేర్లు చిప్‌ని బట్టి. టీటీవైయూఎస్‌బీ0 అని నేరుగా రాయకుండా బై-ఐడీ పేరు వాడు. ఇంకోటి, యూజర్‌ని డయలౌట్ గ్రూప్‌లో చేర్చకపోతే పోర్ట్ తెరుచుకోదు. కొత్తవాళ్లందరూ అక్కడే ఆగిపోయి భాషని తిడతారు.

పాస్కల్_మాస్టారు
లాజరస్‌లో సీరియల్‌కి సైనాసర్ అనే లైబ్రరీ ఉంది, విండోస్‌కీ లినక్స్‌కీ ఒకటే కోడ్. కానీ వీబీ6లో ఎంఎస్‌కామ్ కంట్రోల్ డేటా రాగానే ఈవెంట్ లేపేది, ఇక్కడ అలా కాదు. వేరే థ్రెడ్‌లో (పక్కన విడిగా నడిచే కోడ్‌లో) చదువుతూ ఉండాలి, ఆ థ్రెడ్ నుంచి ఫారాన్ని నేరుగా ముట్టుకోకూడదు, సింక్రనైజ్ ద్వారా పంపాలి. ఇది వీబీ6 నుంచి వచ్చేవాళ్లకి కొత్త విషయం, ముందే తెలుసుకుంటే మంచిది.

బెల్లం_బజార్
అనకాపల్లి నుంచి. మాది బెల్లం మార్కెట్ దళారుల ఖాతా ప్రోగ్రామ్. తెలుగు గురించి రెండు మాటలు.

వీబీ6లో ప్రశ్నార్థకాలు వచ్చేది బాక్సుల వల్ల, డేటాబేస్ వల్ల కాదు. యాక్సెస్ 2000 నుంచి ఎండీబీ యూనికోడే. అందుకని నీ పాత ఫైల్‌లో తెలుగు పేర్లకి చోటుంది. మాకు అసలు తిప్పలు వేరే. యూనికోడ్‌కి ముందు కాలపు తెలుగు ఫాంట్‌లో పేర్లు కొట్టి ఉన్నాయి. ఆ ఫాంట్ తీసేస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. వాటిని మార్చడానికి విడిగా ఒక ప్రోగ్రామ్ రాయాల్సి వచ్చింది. నీవన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయంటే అదృష్టమే.

రెండోది, లాజరస్‌కి వెళితే ఒకటి గుర్తుపెట్టుకో. అక్కడ స్ట్రింగ్‌లు యూటీఎఫ్-8, అంటే యూనికోడ్ అక్షరాలని బైట్లుగా దాచే ఒక పద్ధతి. తెలుగు అక్షరం, గుణింతం గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. "గాజువాక" అని రాసి లెంగ్త్ అడిగితే 21 అంటుంది. యూటీఎఫ్8లెంగ్త్ అడిగితే 7 అంటుంది. కళ్లకి కనిపించేవి నాలుగే. చీటీలో 20 స్థానాలు పేరుకి అని లెక్కపెట్టి ఖాళీలు నింపితే వరస మొత్తం చెదిరిపోతుంది.

ఆటోనగర్_కాటా
@బెల్లం_బజార్ డాట్ మ్యాట్రిక్స్‌లో తెలుగు ఎలా కొట్టిస్తున్నారు మీరు?

బెల్లం_బజార్
కొట్టించట్లేదు. ప్రింటర్‌లో ఉన్న అక్షరాలు ఇంగ్లిష్‌వి. తెలుగు కావాలంటే బొమ్మగా పంపాలి, అప్పుడు చీటీకి పట్టే టైమ్ బాగా పెరుగుతుంది. లారీలు వరసలో నిలబడే చోట అది కుదరదు. మేం శీర్షికలన్నీ తెలుగులో ముందే అచ్చు వేయించిన కాగితం వాడుతున్నాం. స్క్రీన్ మీద తెలుగు, చీటీ మీద పేరు ఇంగ్లిష్. రైతులు ఒప్పుకున్నారు, ఎందుకంటే వాళ్లు చూసేది అంకె.

పాత_కీబోర్డ్
ఇది మంచి పద్ధతి. ఇంకో పని, ప్రింట్‌ని విండోస్ డ్రైవర్ ద్వారా పంపకు. ఇప్పుడు వీబీ6లో ప్రింటర్ పోర్ట్ ఎల్‌పీటీకి నేరుగా అక్షరాలు పంపుతున్నట్టే లినక్స్‌లో రా క్యూ (అక్షరాలని మార్చకుండా ప్రింటర్‌కి పంపే వరస) పెట్టుకుని పంపు. వేగం పోదు.

ద్వారకానగర్_బ్యాచ్
నేను పైథాన్ ఫుల్ స్టాక్ కోర్సులో ఉన్నాను. పైథాన్‌లో పైసైడ్ వాడితే క్యూటీ (స్క్రీన్లు గీసే లైబ్రరీ) మొత్తం వస్తుంది కదా? పైసీరియల్ ఉంది, తెలుగు బాగా చూపిస్తుంది. మా ఇన్‌స్టిట్యూట్‌ల సందులో పైథాన్, జావా, డాట్‌నెట్ బోర్డులే ఉన్నాయి. పాస్కల్ బోర్డు ఒక్కటీ చూడలేదు.

షార్ప్_సీతమ్మధార
చూశారా మాస్టారూ. నేను మొదటి నుంచీ అంటున్నది ఇదే.

పాస్కల్_మాస్టారు
నేను పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పినవాణ్ణి. భాష రాకపోవడం వల్ల పని ఆగిన కుర్రాణ్ణి నేను చూడలేదు. బిగిన్, ఎండ్ నేర్చుకోవడానికి ఎంతసేపు? కాటా వ్యాపారం అర్థం కాకే ఆగిపోతారు. టేర్ ముందు తూచితే ఏమవుతుంది, ఒకే బండి రోజులో నాలుగుసార్లు వస్తే ఏ గ్రాస్‌కి ఏ టేర్ కలపాలి, ఇది ఏ ఇన్‌స్టిట్యూట్‌లో చెప్తున్నారు?

ఇంకో వైపు కూడా చూడు. డాట్‌నెట్‌లో ఎల్‌టీఎస్ వెర్షన్‌కే, అంటే ఎక్కువ కాలం చూసుకుంటామన్నదానికే, మూడేళ్లు సపోర్ట్. డాట్‌నెట్ 8 వచ్చింది 2023 నవంబర్‌లో, 2026 నవంబర్‌లో అయిపోతుంది. మావీకి ముందున్న జామరిన్‌లో రాసుకున్నవాళ్లని 2024 మేలో మావీకి పొమ్మన్నారు. ఒక్క మనిషి నడిపే వ్యాపారానికి మూడేళ్లకోసారి ఇల్లు మారే ఓపిక ఉండదు.

షార్ప్_సీతమ్మధార
వెర్షన్ మార్చడం ఇల్లు మారడం కాదు మాస్టారూ. ప్రాజెక్ట్ ఫైల్‌లో ఒక అంకె మార్చి మళ్లీ కంపైల్ చేస్తే చాలా ప్రోగ్రామ్‌లకి సరిపోతుంది. జామరిన్ ఉదాహరణ మాత్రం ఒప్పుకుంటాను, అక్కడ నిజంగానే జనం ఇబ్బందిపడ్డారు. కానీ వ్యాపారం తెలిసిన కుర్రాడు దొరకడం కష్టమని మీరే అంటున్నారు. భాష కూడా తెలియనివాడైతే కష్టం రెండింతలు కాదా?

లాసన్స్‌బే_లినక్స్
మిగతా పేర్లు కూడా తేల్చేద్దాం, మళ్లీ ఎవరో ఒకరు అడుగుతారు. గాంబాస్ వీబీలా ఉంటుంది కానీ లినక్స్‌కే. ట్విన్‌బేసిక్ వీబీ6 ప్రాజెక్టునే తెరుస్తుంది, 64 బిట్ కూడా ఇస్తుంది, విండోస్ మీదే ఉండిపోయేవాళ్లకి అదే అన్నిటికంటే దగ్గరి దారి, లినక్స్ కోసం చూసేవాళ్లకి ఇప్పుడు కాదు. జోజో పాత రియల్‌బేసిక్, బేసిక్ భాషే, రాసుకోవడం ఉచితం, ఈఎక్స్ఈ తీయాలంటే లైసెన్స్ కొనాలి. డెల్ఫీ కమ్యూనిటీ ఎడిషన్ ఉచితమే, ఏడాది ఆదాయం 5000 డాలర్లు దాటితే వాడకూడదు.

ద్వారకానగర్_బ్యాచ్
క్లౌడ్‌లో పెట్టేస్తే ఈ గొడవేం ఉండదు కదా అన్నా? బ్రౌజర్‌లోనే కాటా. క్రోమ్‌లో సీరియల్ పోర్ట్ చదివే సదుపాయం కూడా 2021 నుంచి ఉంది.

కంచరపాలెం_కేబుల్
తమ్ముడూ, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నువ్వు చిన్నపిల్లాడివి అయి ఉంటావు. కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు, రోజుల తరబడి. జనరేటర్ ఉన్న కాటాలు మాత్రం పనిచేశాయి, ఎందుకంటే డేటా అక్కడే ఉంది. రోడ్ల మీద పడిన చెట్లు, రేకులు తీసుకెళ్లే బండ్లకి కూడా చీటీ కావాలి కదా. కాటా గదిలో ఇంటర్నెట్ లేకుండా పూర్తిగా నడిచేదే కాటా సాఫ్ట్‌వేర్.

హార్బర్_లెక్కలు
పూర్తిగా ఒప్పుకుంటున్నా. ఇంటర్నెట్ ఉంటే పైకి పంపు, లేకపోతే దాచుకుని తర్వాత పంపు.

అసలు ఫోన్ కోసమని ఒకే కోడ్ ఎందుకు కావాలనుకుంటున్నావు @ఆటోనగర్_కాటా? ఫోన్‌లో ఆయన తూచడు, చూస్తాడు అంతే. కాటా ప్రోగ్రామ్ ప్రతి చీటీని ఒక చిన్న సర్వర్‌కి పంపితే, ఆయన ఫోన్ బ్రౌజర్‌లో ఒక పేజీ తెరిచి చూసుకుంటాడు. యాప్ కూడా అక్కర్లేదు. అప్పుడు నీ ప్రశ్న సగానికి సగం తగ్గుతుంది, విండోస్‌కీ లినక్స్‌కీ ఒకే డెస్క్‌టాప్ ప్రోగ్రామ్.

మధురవాడ_మొబైల్
ఇది కరెక్ట్. ఫోన్ ఎంట్రీ లేదంటే ఫ్లట్టర్‌కి నేను అంత గట్టిగా వాదించను. ఆ పేజీ కావాలంటే నేను సాయం చేస్తాను.

ఆటోనగర్_కాటా
@హార్బర్_లెక్కలు ఇలా ఆలోచించనే లేదు, చాలా థాంక్స్. డేటాబేస్ సంగతి? ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైల్‌లో ఉండే డేటాబేస్) అనుకుంటున్నా. ఒక్క పెద్ద యార్డ్‌లో మాత్రం మూడు పీసీలు ఒకే ఎండీబీని నెట్‌వర్క్ ఫోల్డర్‌లోంచి తెరుస్తాయి.

పాత_కీబోర్డ్
ఒక్క పీసీ ఉన్నచోట ఎస్‌క్యూలైట్ బంగారం. ఆ మూడు పీసీల చోట వద్దు. నెట్‌వర్క్ ఫోల్డర్ల మీద ఫైల్ లాకింగ్ నమ్మలేమని ఎస్‌క్యూలైట్ వాళ్లే రాశారు. అక్కడ ఫైర్‌బర్డ్ గానీ పోస్ట్‌గ్రెస్ గానీ, అలాంటి సర్వర్ డేటాబేస్ పెట్టు. పాత డేటా తీయడం విండోస్‌లో ఉండగానే చేసుకో, ఎండీబీని చదివే జెట్ ఇంజిన్ 32 బిట్‌దే. లినక్స్‌లో అయితే ఎండీబీటూల్స్ ఉంది.

మార్చొద్దు అని మొదట అన్నాను. లినక్స్, తెలుగు రెండూ తప్పదన్నావు కాబట్టి ఇప్పుడు మార్చమనే అంటాను. కానీ ఏ పనిముట్టు అయినా సరే, దానికి ముందు ఒక పని ఉంది. నీ పాత కోడ్‌లో బరువు లెక్క, రేటు లెక్క, చీటీ నంబర్ అన్నీ బటన్ క్లిక్‌ల లోపల ఇరుక్కుని ఉంటాయి. వాటిని వీబీ6లో ఉండగానే బయటకి లాగి వేరే మాడ్యూల్‌లో పెట్టు. "ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్" ఎక్కడెక్కడ ఉందో వెతికి ఒక్కోటీ తీసి నడుపు. అది ఏళ్ల తరబడి తప్పులని మింగేసి ఉంటుంది. వాటిని చూడకుండా కొత్త భాషలోకి రాస్తే కొత్త భాష తప్పు చేస్తోందనుకుంటావు.

ఇంటీజర్ కూడా చూడు. వీబీ6లో అది 16 బిట్, 32,767 దాటితే ఓవర్‌ఫ్లో. నిండు లారీ 40,000 కిలోలు తూగుతుంది. ముందాయన బరువుకి లాంగ్ పెట్టే ఉంటాడు, లేకపోతే మొదటి రోజే ఆగిపోయేది. చీటీ నంబర్‌కి ఏం పెట్టాడో చూడు.

పాస్కల్_మాస్టారు
దానికి తోడు ఒకటి. ఫ్రీ పాస్కల్ మామూలు మోడ్‌లో కూడా ఇంటీజర్ 16 బిట్టే. లాజరస్ కొత్త యూనిట్ తెరిచినప్పుడు పైన మోడ్ ఆబ్జ్‌ఎఫ్‌పీసీ అని ఒక లైన్ పెడుతుంది, దానివల్ల 32 బిట్ అవుతుంది. ఆ లైన్ చెరపకు.

షార్ప్_సీతమ్మధార
నాకు తోచిన న్యాయమైన పద్ధతి చెప్తాను. మొత్తం ప్రోగ్రామ్ ఏ భాషలో అని తేల్చకు. నీ దగ్గర అన్నిటికంటే కష్టమైన స్క్రీన్ ఒకటే, కాటా స్క్రీన్. లైవ్ బరువు, తెలుగు పేరు, సేవ్, చీటీ ప్రింట్. అదొక్కటే లాజరస్‌లో రాయి, అదే అవలోనియాలో రాయి. ఆ 2 జీబీ పీసీలో లినక్స్ వేసి రెండూ నడుపు. లాగిన్ స్క్రీన్, మాస్టర్ స్క్రీన్ ఏ భాషలోనైనా వస్తాయి, వాటితో పరీక్ష పెడితే అన్నీ పాసవుతాయి.

ఆటోనగర్_కాటా
రెండూ చేశాను, అందుకే ఇన్నాళ్లు రాయలేదు.

అక్క చెప్పినట్టు కాటా స్క్రీనే తీసుకున్నాను. రెండిట్లోనూ బరువు వచ్చింది, తెలుగు వచ్చింది, చీటీ పడింది. అవలోనియాలో స్క్రీన్ చూడ్డానికి బాగుంది, కానీ 2 జీబీ పీసీలో తెరుచుకోవడానికి తేడా బాగా తెలుస్తోంది, ఫోల్డర్ కూడా పెద్దది. లాజరస్‌ది నొక్కగానే వస్తోంది. లినక్స్‌లో క్యూటీతో కట్టాను, దానికి ఒక చిన్న పాస్కల్ లైబ్రరీ మాత్రం ఆ పీసీలో విడిగా వేయాల్సి వచ్చింది. ఫారం గీయడంలో నా చెయ్యి దానంతటదే కదిలింది. కంట్రోల్ ఎర్రే (ఒకే పేరుతో వరస అంకెలు వేసిన కంట్రోల్స్) లేకపోవడం ఒక్కటే ఇబ్బందిగా ఉంది, ట్యాగ్ వాడి సర్దుకున్నాను.

లాజరస్‌కే వెళ్తున్నాను. సీ షార్ప్ మనుషులు దొరుకుతారన్న అక్క మాట కొట్టిపారేయట్లేదు. అందుకే లెక్కలన్నీ ఫారం బయట ఒకే యూనిట్‌లో పెడుతున్నాను, రేపు ఇంకెవరైనా ఇంకో భాషలోకి తీసుకెళ్లాలన్నా ఆ ఒక్క ఫైల్ చదివితే చాలు. చీటీ నంబర్ కూడా చూశాను @పాత_కీబోర్డ్ మాస్టారూ, ఇంటీజరే. ఒక కాటాలో 31 వేలు దాటి ఉంది. వెంటనే లాంగ్ చేసి వచ్చాను.

పాత_కీబోర్డ్
చూశావా! మిగతా కాటాలు కూడా ఈ వారమే చూడు.

షార్ప్_సీతమ్మధార
నీ చేతికి ఏది కుదిరిందో అదే మంచిది. లెక్కల యూనిట్‌కి టెస్టులు కూడా రాయి. పాత చీటీల్లోంచి కొన్ని వందలు తీసి అవే అంకెలు వస్తున్నాయో లేదో ప్రోగ్రామ్‌తోనే సరిచూడు. తుక్కు చీటీలు విడిగా.

ఆటోనగర్_కాటా
తప్పకుండా అక్కా. ఇప్పుడొక చిక్కు. కొన్నాళ్లు పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపి పోల్చాలని ఉంది. కానీ కామ్ పోర్ట్‌ని ఒక ప్రోగ్రామ్ తెరిస్తే రెండోది తెరవలేదు. ఇండికేటర్‌కి ఔట్‌పుట్ ఒక్కటే.

కంచరపాలెం_కేబుల్
అది నాకు వదిలెయ్. ఇండికేటర్ పంపుతుంది, పీసీలు వింటాయి అంతే. ఇండికేటర్ పంపే తీగని రెండు పోర్ట్‌ల రిసీవ్ పిన్నులకి, గ్రౌండ్‌ని రెండిటి గ్రౌండ్ పిన్నులకి చీలుస్తా. పీసీల నుంచి వెనక్కి వచ్చే తీగలు కలపను, అవి కలిస్తే గొడవ. కేబుల్ పొడవు పెంచకుండా గదిలోనే చీల్చాలి. పాత ప్రోగ్రామ్‌కి ఒక కన్వర్టర్, కొత్తదానికి ఇంకోటి. ఇండికేటర్ సీల్‌ని మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు, అది తూనికలు కొలతల వాళ్లది.

ద్వారకానగర్_బ్యాచ్
అన్నా, ఆ కేబుల్ వేసే రోజు నేనూ రావచ్చా? కాటా లోపల ఎలా ఉంటుందో చూడలేదు. పాస్కల్ కూడా ఇన్‌స్టాల్ చేశాను.

ఆటోనగర్_కాటా
రా తమ్ముడూ. ఆటోనగర్‌లో కాటా, మధ్యాహ్నం రెండు తర్వాత అయితే లారీలు తక్కువ. ల్యాప్‌టాప్ తెచ్చుకో, చీటీలు పోల్చే ప్రోగ్రామ్ నువ్వే రాద్దువు గాని.